ఉత్తర ఐరోపా కాపలా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బాల్టిక్ సముద్రం చుట్టూ ఉన్న దేశాలు కలిసికట్టుగా చేసుకుంటున్న రక్షణ ఏర్పాట్ల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులివి. ఒకే విషయం మీద వచ్చినవాటిని కలిపేశాం.

ప్రశ్న: ఉత్తర ఐరోపా దేశాలన్నీ ఇప్పుడు నాటోలోనే ఉన్నాయి కదా. మరి బ్రిటన్ నాయకత్వంలో ‘జెఫ్’ అనే ఇంకో కూటమి దేనికి?

జెఫ్ అంటే జాయింట్ ఎక్స్‌పెడిషనరీ ఫోర్స్. 2014లో వేల్స్‌లో నాటో శిఖరాగ్ర సమావేశం జరిగినప్పుడు బ్రిటన్, డెన్మార్క్, నార్వే, నెదర్లాండ్స్, ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా దీని మీద సంతకాలు చేశాయి. 2017లో స్వీడన్, ఫిన్లాండ్ వచ్చాయి. 2021లో ఐస్లాండ్ చేరడంతో పది దేశాలయ్యాయి.

ఇది ఎక్కడో శిబిరంలో ఆయుధాలు పట్టుకుని కూర్చున్న సైన్యం అని చాలామంది అనుకుంటారు. కాదు. లండన్ శివార్లలోని నార్త్‌వుడ్‌లో ఒక ప్రధాన కార్యాలయం ఉంది. పది రాజధానులూ ముందే రాసిపెట్టుకున్న ప్రణాళికలున్నాయి. పిలుపు వస్తే ఎవరు ఓడలివ్వాలి, ఎవరు విమానాలివ్వాలి, ఎవరు దళాలివ్వాలి అన్న లెక్క ఉంది. ఇవి తప్ప సొంత సైన్యమంటూ లేదు.

నాటోకీ దీనికీ అసలు తేడా నిర్ణయాలు తీసుకునే తీరులో ఉంది. నాటోలో 32 దేశాలూ ఒప్పుకుంటే తప్ప పని కదలదు. జెఫ్‌లో పదిమందీ రావాలన్న నియమం లేదు. ఇద్దరు ముగ్గురు సిద్ధపడితే పని మొదలుపెట్టి, మిగతావాళ్లు వీలైనప్పుడు కలవొచ్చు. సముద్రం అడుగున ఒక కేబుల్ తెగింది, చేసిందెవరో తేలలేదు, యుద్ధమనీ అనలేం, ప్రమాదమనీ కొట్టిపారేయలేం. ఇలాంటి సందర్భంలో 32 దేశాల ఏకాభిప్రాయం కోసం ఎదురుచూస్తే ఓడ రేవు దాటిపోతుంది. 2023 చివర్లో బాల్టిక్‌లో గ్యాస్ పైపు దెబ్బతిన్న తర్వాత జెఫ్ తన అత్యవసర ప్రణాళికను మొదటిసారి అమల్లో పెట్టి, ఓడలనూ విమానాలనూ గస్తీకి పంపింది.

దీని పరిమితి కూడా తెలియాలి. నాటో ఐదో అధికరణంలో ఉన్నట్టు ‘ఒకరి మీద దాడి అందరి మీదా దాడే’ అన్న హామీ జెఫ్‌లో లేదు. అమెరికా, జర్మనీ, పోలండ్ ఇందులో లేవు. అంటే పెద్ద ఎత్తున ఉపగ్రహ సమాచారం, భారీ రవాణా విమానాలు, టాంకుల దళాలు కావలసివస్తే మళ్లీ నాటో వైపే చూడాలి. సంక్షోభం మొదటి రోజుల్లో ఉపయోగపడే పనిముట్టు ఇది. దీన్ని నాటోకి ప్రత్యామ్నాయం అనేవాళ్లు రెండింటినీ సరిగా చూడనట్టే.

ప్రశ్న: బాల్టిక్ దేశాల్లో (ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా) ఒక్కోచోట వెయ్యిమంది విదేశీ సైనికులున్నారని చదివాం. పెద్ద సైన్యం వచ్చిపడితే ఆ వెయ్యిమంది ఏం చేయగలరు?

2017లో వాళ్లను పంపినప్పుడు, ఆపగలరని ఎవరూ అనుకోలేదు. 2016 వార్సా సమావేశంలో నాటో నాలుగు దళాలకు ఆమోదం తెలిపింది. ఎస్టోనియాలోని టాపాలో బ్రిటన్, లాట్వియాలోని ఆదాజీలో కెనడా, లిథువేనియాలోని రుక్లాలో జర్మనీ, పోలండ్‌లో అమెరికా వాటికి నాయకత్వం వహించాయి. ఆలోచన ఇది: దాడి చేసినవాడికి మొదటి గంటలోనే బ్రిటిష్, కెనడియన్, జర్మన్ సైనికులు ఎదురుపడాలి. అప్పుడది చిన్న దేశం ఒంటరి గొడవగా మిగలదు. అంటే ఆ దళం గోడ కాదు, తగిలితే మోగే గంట. ఇందులో భయపెట్టేది ఆ తర్వాత వచ్చే ప్రతీకారం.

దీంట్లో లోపమేమిటంటే, గంట మోగిన తర్వాత పెద్ద సైన్యం చేరేదాకా నేల శత్రువు చేతిలో ఉంటుంది. 2022లో ఉక్రెయిన్‌లోని బూచాలో ఆక్రమణ కింద జనం ఏమైపోయారో బయటపడ్డాక, ‘పోగొట్టుకుని తర్వాత విడిపించుకుందాం’ అన్న లెక్క ఈ దేశాలకు మింగుడుపడలేదు. అప్పటి ఎస్టోనియా ప్రధాని కాయా కల్లాస్ ఆ జూన్‌లోనే దాన్ని బాహాటంగా తప్పుపట్టారు. అదే నెలలో మాడ్రిడ్ సమావేశం పద్ధతి మార్చింది. ప్రతీకారం మీద ఆధారపడటం తగ్గించి, అసలు అడుగు పెట్టనివ్వకుండా అడ్డుకోవడం లక్ష్యంగా పెట్టుకుంది. అవసరమైన చోట్ల వెయ్యిమంది బెటాలియన్ దళాన్ని మూడు నుంచి ఐదు వేల మంది బ్రిగేడ్‌గా పెంచాలన్నది అప్పటి మాట.

ఆ మాట మూడు దేశాల్లో మూడు రకాలుగా అమలైంది. లిథువేనియాకి జర్మనీ ఏకంగా తన 45వ పాంజర్ బ్రిగేడ్‌నే ఇస్తోంది. సుమారు 4,800 మంది సైనికులు, 200 మంది పౌర సిబ్బంది కుటుంబాలతో సహా అక్కడే కాపురముండాలి. 2025 ఏప్రిల్‌లో బ్రిగేడ్ లాంఛనంగా మొదలైంది, 2027కల్లా పూర్తిగా సిద్ధం కావాలి. ఇళ్లు, బడులు, ఫైరింగ్ రేంజిలు కట్టడం లిథువేనియా బాధ్యత, ఆలస్యమయ్యే అవకాశం కూడా అక్కడే ఎక్కువ. లాట్వియాలో కెనడా బ్రిగేడ్ పదికి పైగా దేశాల దళాలను కలిపి కట్టింది. కలపడం కష్టమే గానీ, ఆ దేశాలన్నిటి జెండాలూ అక్కడే ఉంటాయి. స్వీడన్ 2025 మొదట్లో తన బెటాలియన్‌ను పంపింది అక్కడికే. ఎస్టోనియాలో బ్రిటన్ టాపా దళాన్ని అలాగే ఉంచి, మరో బ్రిగేడ్‌ను స్వదేశంలోనే సిద్ధంగా పెట్టి ‘పిలిస్తే వస్తాం’ అంటోంది. మా అంచనాలో మూడింటిలో ఎక్కువ ప్రమాదమున్న ఏర్పాటు ఇదే. పిలుపుకీ రాకకీ మధ్య సముద్రం ఉంది.

‘ఇంతకాలం శాశ్వతంగా ఎందుకు ఉంచలేదు?’ అని ఇద్దరు పాఠకులు అడిగారు. 1997లో నాటో, రష్యాల మధ్య కుదిరిన అవగాహన ఒప్పందంలో, కొత్త సభ్యదేశాల్లో గణనీయమైన పోరాట దళాలను అదనంగా శాశ్వతంగా ఉంచబోమని నాటో అంది. అందుకే ఆరేసి నెలలకోసారి దళాలు మారే పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి మార్పిడిలోనూ వచ్చినవాళ్లకు అడవి దారులు, బురద నేలలు, స్థానిక అధికారులు కొత్త. పని తెలిసేసరికి వెళ్లే రోజు వస్తుంది. జర్మన్ బ్రిగేడ్‌తో ఆ పద్ధతి ముగిసినట్టే.

ప్రశ్న: జర్మనీ నుంచి లిథువేనియాకి ఒక టాంకుల దళం వెళ్లాలంటే రైలెక్కించి పంపడమే కదా? అంత కష్టం ఎక్కడుంది?

ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఎక్కువగా తలపట్టుకునేది దీని గురించే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

మొదట అనుమతులు. దళం దాటే ప్రతి దేశం నుంచీ విడిగా అనుమతి కావాలి. జర్మనీలో భారీ వాహనాలు రోడ్డు మీద వెళ్లాలంటే రాష్ట్రాల అధికారుల ప్రమేయం కూడా ఉంటుంది. సరిహద్దు దాటే అనుమతి ఐదు పనిదినాల్లో ఇచ్చేయాలని ఐరోపా దేశాలు 2018లో మాట ఇచ్చుకున్నాయి. అన్నిచోట్లా అది నిలబడలేదు. శాంతికాలంలో గరిష్ఠంగా మూడు రోజులే ఉండాలని 2025 నవంబర్‌లో ఐరోపా కమిషన్ ప్రతిపాదించింది. అమెరికా, బ్రిటన్, కెనడా సామగ్రి అయితే కస్టమ్స్ కోసం 302 అనే ఫారం జత కావాలి. దరఖాస్తులో రాసిన బరువుకీ, అదనపు కవచం తగిలించాక వాహనం అసలు బరువుకీ తేడా వచ్చిందంటే దారి మళ్లీ మొదటినుంచి వేసుకోవాలి. ఇది తరచుగా జరిగే పొరపాటు.

రెండోది బరువు. లెపర్డ్ 2 టాంకు 60 టన్నులు దాటుతుంది. దాన్ని మోసే ట్రెయిలర్ బరువు కూడా కలిస్తే వంతెన మీద పడేది వంద టన్నులకు పైమాటే. అందుకే నాటో దేశాలు వంతెనలకూ వాహనాలకూ ‘సైనిక భార తరగతి’ అనే అంకె ఇస్తాయి. వాహనం అంకె వంతెన అంకె కన్నా ఎక్కువైతే ఆ దారి వదిలేయాల్సిందే. పశ్చిమ జర్మనీ వంతెనల పక్కన ఈ అంకెలతో గుండ్రటి పసుపు పలకలు ప్రచ్ఛన్న యుద్ధకాలం నుంచీ ఉండేవి. తూర్పున, పోలండ్, బాల్టిక్ దేశాల వైపు చాలా వంతెనలు ఇంత బరువు కోసం కట్టినవి కావు. 2022 నవంబర్‌లో రుమేనియా వెళ్తున్న ఫ్రెంచ్ లెక్లెర్క్ టాంకులను రోడ్డు మీద జర్మనీ రానివ్వలేదు. ట్రెయిలర్ల ఇరుసు భారం అక్కడి పరిమితి దాటింది. మిత్రదేశమే, కారణం యుద్ధ సన్నాహమే, అయినా రోడ్ల నిబంధన రోడ్ల నిబంధనే అయింది. చివరికి అవి రైలు మీద వెళ్లాయి.

మూడోది రైలు. టాంకు వెడల్పు 3.7 మీటర్ల వరకు ఉంటుంది, అంటే మామూలు సరుకు రైలు హద్దు దాటినట్టే. పక్క కవచాలు విప్పి తీసినా ఎదురు పట్టాల మీద వచ్చే రైళ్లకూ, ప్లాట్‌ఫారాల అంచులకూ, సొరంగాలకూ లెక్క చూసుకోవాలి. భారం మోయగల ఆరిరుసుల బల్ల వ్యాగన్లు కావాలి, వ్యాగన్‌కి ఒక్క టాంకే. ఎక్కించడానికి గట్టి ర్యాంపు కావాలి, గొలుసులతో బిగించాలి, కొన్ని కిలోమీటర్లు వెళ్లాక ఆపి బిగింపు మళ్లీ చూడాలి. వ్యాగన్లు ఎన్ని ఖాళీగా ఉన్నాయన్నది సైన్యం చేతిలో ఉండదు, సరుకు రవాణా సంస్థల చేతిలో ఉంటుంది.

నాలుగోది పట్టాల వెడల్పు. జర్మనీ, పోలండ్ పట్టాలు 1,435 మిల్లీమీటర్లు. బాల్టిక్ దేశాలవి రష్యన్ కాలం నాటి 1,520. తేడా 85 మిల్లీమీటర్లే గానీ రైలు ముందుకు పోదు. పోలండ్ నుంచి లిథువేనియాలోని కౌనాస్ దాకా ఐరోపా వెడల్పు పట్టాలు 2015లో పడ్డాయి. అక్కడినుంచి ఉత్తరానికి వెళ్లాలంటే ప్రతి టాంకునూ దింపి వేరే వ్యాగన్ ఎక్కించాలి. ఈ బెడద తీర్చడానికే రైల్ బాల్టికా కడుతున్నారు, లక్ష్యం 2030. ఫిన్లాండ్‌దీ ఇదే కథ. అక్కడ పట్టాలు 1,524. స్వీడన్ రైలు టోర్నియో సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. నార్వేలోని నార్విక్ రేవులో దిగిన సామగ్రి స్వీడన్ మీదుగా ఫిన్లాండ్ చేరాలంటే అదొక్కటే చాలు ఒక రోజు తినేయడానికి.

సముద్రం మీద వెళ్తే ఈ పట్టాల గోల ఉండదు. వాహనాలు నేరుగా నడిచి ఎక్కి దిగే ఓడల్లో లిథువేనియాలోని క్లైపెడా రేవుకు చేర్చవచ్చు. కానీ ఆ దారి రష్యాకి చెందిన కలినిన్‌గ్రాద్ పక్కనుంచే పోతుంది.

మందుగుండు విడిగా ప్రయాణిస్తుంది. ప్రమాదకర సరుకుల్లో మొదటి తరగతి అది. నిల్వకి జనావాసాల నుంచి దూరం పాటించాలి, దానికి వేరే అనుమతులు, వేరే కాపలా. టాంకు సోమవారం చేరి గుళ్లు గురువారం చేరితే సోమవారం నుంచి గురువారం దాకా ఉన్నది ఉత్త ఇనుమే. ఆతిథ్య దేశం ఇచ్చే ఇంధనం, నీళ్లు, డ్రైవర్ల విశ్రాంతి శిబిరాలు, ట్రాఫిక్ పోలీసులు, ఆసుపత్రి పడకలు వీటన్నిటికీ ముందే ఒప్పందం ఉండాలి.

వీటిని దాటడానికి అందరికన్నా తెలివైన పద్ధతి నార్వేది అనిపిస్తుంది. అమెరికా మెరైన్ల వాహనాలు, ఆయుధాలు, మందుగుండు 1981 నాటి ఒప్పందం ప్రకారం ట్రోండెలాగ్ ప్రాంతపు కొండ గుహల్లో ఏళ్ల తరబడి సిద్ధంగా ఉంటున్నాయి. మనుషులు విమానాల్లో వస్తే చాలు. అయితే గుహల్లోని బండ్లకి బ్యాటరీలు, రబ్బరు భాగాలు, నూనెలు ఎవరో క్రమం తప్పకుండా మారుస్తూనే ఉండాలి.

ప్రశ్న: సువాల్కీ సందు అంటే ఏమిటి? స్వీడన్, ఫిన్లాండ్ నాటోలో చేరాక దాని ప్రాముఖ్యం తగ్గిందా?

రష్యాకి చెందిన కలినిన్‌గ్రాద్‌కీ బెలారస్‌కీ నడుమ పోలండ్, లిథువేనియా కలిసే ఇరుకు నేల అది. సూటిగా కొలిస్తే సుమారు 65 కిలోమీటర్లు. బాల్టిక్ దేశాలకు మిగతా నాటోతో ఉన్న నేలదారి ఇదొక్కటే. పైన చెప్పిన రైలుమార్గం, ముఖ్యమైన రోడ్డు రెండూ ఇందులోంచే పోతాయి.

ఫిన్లాండ్ 2023 ఏప్రిల్ 4న, స్వీడన్ 2024 మార్చి 7న చేరాయి. బాల్టిక్ సముద్రం మధ్యలోని గోట్లాండ్ దీవి ఇప్పుడు నాటో నేల. స్వీడన్ 2005లో అక్కడి రెజిమెంట్‌ను ఎత్తేసి, 2018లో తిరిగి నిలబెట్టింది. ఆ దీవినుంచి వాయు రక్షణ క్షిపణులు, నౌకా విధ్వంసక క్షిపణులు పనిచేస్తే సముద్రపు దారి తెరిచి ఉంచవచ్చు. కాబట్టి సువాల్కీ ఒక్కటే ఆధారం అన్న రోజులు పోయాయి. కానీ సముద్రం మీద వచ్చినా, భారీ దళం నేల మీద ముందుకు కదలాలి. సందు ప్రమాదం తగ్గింది తప్ప తీరలేదు. రష్యాతో ఫిన్లాండ్‌కి ఉన్న 1,340 కిలోమీటర్ల సరిహద్దు ఇప్పుడు కొత్తగా నాటో పద్దులో చేరింది కూడా.

ప్రశ్న: రష్యన్ యుద్ధవిమానాలు గగనతలంలోకి వస్తే కూల్చేయకుండా పక్కన ఎగిరి పంపేస్తారెందుకు?

ముందు లెక్క సరిచూద్దాం. నాటో విమానాలు లేచిన సందర్భాల్లో చాలావాటిలో ఎవరూ ఎవరి గగనతలంలోకీ రారు. సెయింట్ పీటర్స్‌బర్గ్, కలినిన్‌గ్రాద్‌ల మధ్య రష్యన్ విమానాలు అంతర్జాతీయ గగనతలంలోనే వెళ్తాయి. తంటా ఏమిటంటే మూడింటిలో ఏదో ఒకటి లోపిస్తుంది: గుర్తింపు సంకేతమిచ్చే ట్రాన్స్‌పాండర్ ఆపేస్తారు, ప్రయాణ ప్రణాళిక ఇవ్వరు, లేదా ట్రాఫిక్ కంట్రోల్‌కు రేడియోలో జవాబివ్వరు. అదే ఎత్తులో పౌరవిమానాలు తిరుగుతుంటాయి, కాబట్టి అదేమిటో కళ్లతో చూసి తేల్చుకోవాలి.

బాల్టిక్ దేశాలకు సొంత యుద్ధవిమానాలు లేవు. 2004 మార్చి నుంచి మిత్రదేశాలు వంతులవారీగా, సాధారణంగా నాలుగు నెలలు, లిథువేనియాలోని షౌలై స్థావరం నుంచి కాపలా కాస్తున్నాయి. 2014 నుంచి ఎస్టోనియాలోని ఆమరి కూడా ఉంది. రాడార్‌లో గుర్తు తెలియని చుక్క కనిపించగానే జర్మనీలోని ఉడెమ్ నియంత్రణ కేంద్రం ఆజ్ఞ ఇస్తుంది. పైలట్లు పావుగంటలోపు గాల్లో ఉండాలి, జంటగానే వెళ్తారు. ఒకరు దగ్గరికి వెళ్లి తోక నంబరు, ఆయుధాలు చూసి ఫోటో తీస్తే, మరొకరు వెనక ఎత్తులో ఉండి కాస్తారు.

2025 సెప్టెంబర్ 19న మూడు మిగ్-31లు ఎస్టోనియా గగనతలంలో 12 నిమిషాలు ఉన్నాయి. ఇటలీ ఎఫ్-35లు వెళ్లి పంపేశాయి. ఎస్టోనియా నాటో ఒప్పందంలోని నాలుగో అధికరణం కింద సంప్రదింపులు కోరింది. రష్యా ఉల్లంఘనే జరగలేదంది. అక్కడ కాల్చకపోవడానికి కారణం భయం కాదు. శాంతికాలపు నిబంధనలు ముప్పు తక్షణమైనదా అని అడుగుతాయి. దాడి చేసే ఉద్దేశం కనబడని విమానాన్ని కూల్చితే తర్వాతి మెట్టు ఎదుటివాడు నిర్ణయిస్తాడు. అంతకు పదిరోజుల ముందు పోలండ్‌లోకి వచ్చిన డ్రోన్ల విషయంలో మాత్రం కాల్చారు. అక్కడ బయటపడ్డ లోపం వేరు. చవక డ్రోన్ మీదికి దానికి ఎన్నోరెట్లు ఖరీదైన క్షిపణి వేయాల్సివచ్చింది. ఆ లెక్క ఎక్కువ రోజులు నడవదు.

ప్రశ్న: సముద్రం అడుగు కేబుళ్లు పదేపదే తెగుతున్నాయి. ఇన్ని నౌకాదళాలుండి ఓడలను ఆపలేకపోతున్నాయెందుకు?

ఆపలేకపోవడానికి ఓడల కొరత కన్నా చట్టమే పెద్ద కారణం.

బాల్టిక్ సగటు లోతు 55 మీటర్లే. లంగరు వదిలి లాగుకుంటూ పోతే అడుగున ఏదుంటే అది తెగుతుంది. 2023 అక్టోబర్‌లో ఫిన్లాండ్, ఎస్టోనియాల మధ్య బాల్టిక్ కనెక్టర్ గ్యాస్ పైపు అలాగే దెబ్బతింది. 2024 డిసెంబర్ 25న ఈగిల్ ఎస్ అనే చమురు ఓడ వెళ్లిన దారిలో ఎస్ట్‌లింక్-2 విద్యుత్ కేబుల్, నాలుగు టెలికాం కేబుళ్లు తెగాయి. ఎస్ట్‌లింక్-2 సామర్థ్యం 650 మెగావాట్లు. మరమ్మతుకు దాదాపు ఆరునెలలు పట్టింది. టెలికాం కేబుల్ అయితే వాతావరణం అనుకూలిస్తే రెండు మూడు వారాల్లో అతికిస్తారు. విద్యుత్ కేబుల్‌కు ప్రత్యేక ఓడ, ముందే తయారుచేసి ఉంచుకున్న కేబుల్ ముక్క, నేర్పున్న అతుకు పనివాళ్లు కావాలి.

ఇక చట్టం. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు ప్రాదేశిక జలాలు, అక్కడ తీరదేశం పోలీసులు ఓడ ఎక్కగలరు. దాని అవతల ఓడ మీద అధికారం ప్రధానంగా ఆ ఓడ ఎగరేసే జెండా దేశానిదే. ఫిన్లాండ్ సింధుశాఖ ఇరుకైనది, రెండు దేశాల పన్నెండేసి మైళ్లూ మధ్యలో కలిసిపోయేవి. కానీ 1994లో ఎస్టోనియా, ఫిన్లాండ్ స్వచ్ఛందంగా చెరో మూడు మైళ్లు వెనక్కి తగ్గి నడుమ ఆరు మైళ్ల ఖాళీ దారి వదిలాయి. ఆనాడు అది మంచి పొరుగుతనం. రష్యన్ చమురు మోసే పాత ఓడలు ఇప్పుడు వెళ్తున్నది ఆ దారిలోనే.

ఫిన్లాండ్ ఈగిల్ ఎస్‌ను ఎలా పట్టుకుంది? తన జలాల్లోకి రమ్మని అడిగింది. ఓడ వచ్చింది. వచ్చాక హెలికాప్టర్ల నుంచి సిబ్బందిని దించింది. ఒక లంగరు లేదు, తర్వాత అది సముద్రం అడుగున దొరికింది. ఇంతా చేసి 2025 అక్టోబర్‌లో హెల్సింకి జిల్లా కోర్టు, కేబుళ్లు తెగిన చోటు ఫిన్లాండ్ ప్రాదేశిక జలాల అవతల ఉంది కాబట్టి విచారించే అధికారం తనకు లేదని కేసు కొట్టేసింది. ఓడ రాననుంటే కథ ఇంకా ముందే ముగిసేది.

శిక్షించడం కష్టమని తేలాక మిగిలింది ముందే కనిపెట్టి, చూస్తున్నామని తెలియజేయడం. 2025 జనవరిలో రెండు పనులు మొదలయ్యాయి. నాటో ‘బాల్టిక్ సెంట్రీ’ యుద్ధనౌకలు, గస్తీ విమానాలు, నావికా డ్రోన్లను దించింది. జెఫ్ ‘నార్డిక్ వార్డెన్’ నార్త్‌వుడ్ నుంచి ఓడలు తామెక్కడున్నదీ చెబుతూ పంపే ఏఐఎస్ సంకేతాలను కృత్రిమ మేధతో జల్లెడ పడుతుంది. లంగరు ఈడుస్తున్న ఓడను పసిగట్టే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఇంజిన్ అదే జోరులో ఉన్నా వేగం తగ్గుతుంది, కేబుల్ ఉన్న చోట దారి వంకర్లు పోతుంది, ఏఐఎస్ కాసేపు ఆగి మళ్లీ వస్తుంది. ఆ క్షణంలో రేడియోలో పేరుపెట్టి పిలిచి ‘నీ లంగరు చూసుకో’ అంటే, నిజంగా ప్రమాదవశాత్తు జారినవాడు ఎత్తేస్తాడు. కావాలని చేసేవాడికి ఇక తెలియదనడానికి వీలుండదు.

ప్రశ్న: సైన్యమే లేని ఐస్లాండ్ ఈ కూటముల్లో ఏం చేస్తుంది?

చోటిస్తుంది. కెఫ్లావిక్ స్థావరం నుంచి గ్రీన్లాండ్, ఐస్లాండ్, బ్రిటన్‌ల మధ్య సముద్రపు దారులను గస్తీ విమానాలు కాస్తాయి. కోలా ద్వీపకల్పం నుంచి అట్లాంటిక్‌లోకి దిగే రష్యన్ జలాంతర్గాములు ఆ దారుల్లోంచే పోవాలి.

ప్రశ్న: పది దేశాల సైనికులు ఒకే చోట పోరాడాలంటే ఎక్కడ చిక్కులొస్తాయి? అందరికీ ఇంగ్లీషు వస్తుంది కదా?

ఇంగ్లీషుతో వచ్చే చిక్కు చిన్నది. ఎన్‌క్రిప్షన్ తాళాలు సరిపోని రేడియోలతో వచ్చేది పెద్దది. రెండు దేశాల రేడియోలు ఒకే కంపెనీవైనా రహస్య తాళాలు వేరైతే మాట కలవదు. అప్పుడు ఒక దళం అధికారి తన రేడియోతో సహా పక్క దళంలో కూర్చుంటాడు. ఇది తాత్కాలిక ఉపాయం అంటారు గానీ ప్రతి విన్యాసంలోనూ కనిపిస్తుంది.

ఫిరంగులు చూడండి. ఫిన్లాండ్, ఎస్టోనియా, నార్వేలకు కె9, స్వీడన్‌కు ఆర్చర్, లిథువేనియాకు పాంజర్‌హౌబిట్సె 2000, లాట్వియాకు ఎం109. అన్నీ 155 మిల్లీమీటర్లవే. అయినా పెట్టె మార్చి వాడేయలేం. కొత్త 52 కాలిబర్ (పొడవు లోపలి వ్యాసానికి 52 రెట్లు) గొట్టాలకు మందు గది 23 లీటర్లు, పాత 39 కాలిబర్‌కు 18 లీటర్లు. తోపుడు మందు వేరు, గురి లెక్కల పట్టికలు వేరు. ఫలానా గుండు ఫలానా ఫిరంగిలో కాల్చవచ్చని పరీక్షించి కాగితం మీద ధ్రువీకరించి ఉంటేనే కాలుస్తారు. ఇంధనం విషయంలో నాటో ఎఫ్-34 అనే ఒకే రకానికి మొగ్గింది కాబట్టి కాస్త తేలిక.

చలి అందరినీ సమానంగా దెబ్బతీయదు. దక్షిణం నుంచి వచ్చిన దళాలు మొదటి వారంలో చేసే తప్పు, తుపాకులను వెచ్చటి గుడారంలోకి తేవడం. లోహం మీద తేమ పడుతుంది, బయటికి తీసుకెళ్లగానే గడ్డకట్టి బోల్టు బిగుసుకుంటుంది. తుపాకీ బయటే, మంచు పడకుండా కప్పి ఉంచాలి. డీజిల్‌లో మైనం గడ్డకట్టి ఫిల్టరు మూసుకుపోతుంది, రేడియో బ్యాటరీలు సగంలోనే చేతులెత్తేస్తాయి, కాబట్టి విడి బ్యాటరీలు చొక్కా లోపల ఒంటి వేడికి దాచుకుంటారు. నడిచేటప్పుడు బట్టలు తగ్గించుకుని, ఆగాక వేసుకోవాలి. చెమటతో తడిసిన బట్టే మనిషిని గడ్డకట్టిస్తుంది. ఇక వసంతంలో మంచు కరిగే వారాల్లో అడవి దారులు టాంకును మోయవు. అప్పుడు పనికొచ్చేది నేల మీద తక్కువ ఒత్తిడి పెట్టే జంట గదుల గొలుసు బండి. స్వీడన్, జర్మనీ, బ్రిటన్ 2022లో బీవీఎస్10 బండ్లను కలిసి కొన్నది ఇందుకే.

ప్రశ్న: విన్యాసాల తేదీ, సంఖ్య ముందే ప్రకటిస్తే రహస్యం ఏముంటుంది?

రహస్యంగా ఉంచకూడదనే ప్రకటిస్తారు. సైనిక కదలికల సమాచారం పంచుకోవడానికి కుదిరిన 2011 వియన్నా పత్రం ప్రకారం 9,000 మంది దాటే విన్యాసాన్ని 42 రోజుల ముందు తెలపాలి, 13,000 దాటితే పరిశీలకులను పిలవాలి. సన్నాహమనుకుని ఎదుటివాడు కంగారుపడకుండా ఉండటం దీని ఉద్దేశం. 2017లో రష్యా, బెలారస్ జరిపిన జపాద్ విన్యాసాలకు ప్రకటించిన సంఖ్య 12,700. పరిశీలకుల హద్దుకి అంత దగ్గరగా ఎందుకు ఆగిందో ఊహించడం కష్టం కాదు. ఆకస్మిక విన్యాసాలకు ముందస్తు సమాచారం అక్కర్లేదన్న వెసులుబాటును కూడా రష్యా బాగా వాడుకుంది.

2024 మార్చిలో నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ ఉత్తర భాగాల్లో జరిగిన నార్డిక్ రెస్పాన్స్‌లో 20,000 మందికి పైగా పాల్గొన్నారు. అది ముందే బహిరంగంగా ప్రకటించినదే. చూసేవాడికి చూపించాలన్నది కూడా నిలువరింపులో భాగం. చూపించకూడని ఫ్రీక్వెన్సీలు, నిజమైన రక్షణ స్థానాలు విన్యాసంలో వాడరు.

ప్రశ్న: ఫిన్లాండ్ నాటోలో చేరింది కదా, ఆలాండ్ దీవుల్లో మాత్రం సైన్యాన్ని ఎందుకు పెట్టదు?

క్రిమియా యుద్ధం తర్వాత 1856లో, మళ్లీ 1921లో కుదిరిన ఒప్పందాలు ఆ దీవులను సైన్యరహితం చేశాయి. 1940లో సోవియట్ యూనియన్‌తో చేసుకున్న ఒప్పందంలోనూ అదే షరతు ఉంది. దాని అమలు చూడటం అక్కడి మారియహామ్న్‌లో ఉన్న రష్యన్ కాన్సులేట్ పని. ఆ దీవుల వాసులకు నిర్బంధ సైనిక సేవ నుంచి మినహాయింపు ఉంది. దీవులు బోత్నియా సింధుశాఖ ముఖద్వారంలో ఉన్నందున ఈ స్థితి ఇక మార్చాలని ఫిన్లాండ్‌లో కొందరు వాదిస్తున్నారు, ప్రభుత్వం మాత్రం ఒప్పందాలకే కట్టుబడింది. దాడి జరిగితే ఫిన్లాండ్ అక్కడికి దళాలను పంపడానికి 1921 ఒప్పందంలోని ఏడో అధికరణం అడ్డు చెప్పదు. శాంతికాలంలో మాత్రం అక్కడ స్థావరం కట్టకూడదు, కాబట్టి ఆ దళాలు ఫిన్లాండ్ తీరంలో ఎదురుచూడాల్సిందే.